కడప రాళ్లకు ఏ థర్మల్ చిత్రం మేలు: ఆస్టరా, లాండ్‌శాటా?

కడప బేసిన్ రాళ్ల పటం గీయడానికి కూర్చున్నవాళ్లు చాలామంది ముందు లాండ్‌శాట్ ఉపగ్రహం తీసిన థర్మల్ చిత్రమే, అంటే నేల వదిలే వేడి చిత్రమే దించుకుంటారు. ఉచితం, ఒక్క చిత్రంలో 185 కిలోమీటర్ల వెడల్పు, పైగా పిక్సెల్ 30 మీటర్లని రాసి ఉంటుంది. ఆ 30ని నమ్మకండి. లాండ్‌శాట్ 8 థర్మల్ సెన్సర్ అసలు చూపు 100 మీటర్లు. మిగతా బ్యాండ్లతో, అంటే తరంగదైర్ఘ్యాల పట్టీలతో, సరిపోవాలని 30కి మార్చి ఇస్తారంతే. టెర్రా ఉపగ్రహం మీదుండే ఆస్టర్ అనే పరికరం థర్మల్‌ది 90. స్పష్టతలో దొందూ దొందే.

తేడా ఎక్కడంటే, ఏ తరంగదైర్ఘ్యం దగ్గర చూస్తున్నాయన్న దాంట్లో. పలుగురాయి 8 నుంచి 9.5 మైక్రాన్ల మధ్య వేడిని సరిగా వదలదు, గీత గీస్తే అక్కడ గుంట పడుతుంది. సిలికాన్, ఆక్సిజన్ బంధాలు ఊగే చోటు అది. సిలికా తగ్గేకొద్దీ ఆ గుంట 10 మైక్రాన్ల వైపు జరుగుతుంది. సున్నపురాయి గుంట 11.3 దగ్గర. ఆస్టర్ అయిదు థర్మల్ బ్యాండ్లలో మూడు సరిగ్గా పలుగురాయి గుంట మీదే కూర్చున్నాయి. లాండ్‌శాట్‌కు ఉన్నవి రెండే, 10.9 దగ్గర ఒకటి, 12 దగ్గర ఒకటి. పలుగురాయి గుర్తు ఉన్న చోట దానికి కన్నే లేదు.

మరి లాండ్‌శాట్‌లో కనిపించే ఆ రంగులు? పొద్దున పదిన్నర ప్రాంతంలో తీసిన చిత్రం కదా, ఎండ తగిలిన తూర్పు వాలు ఎర్రగా, పడమటి వాలు నీలంగా వస్తుంది. దాన్నే రాతి మార్పు అనుకుని గీత గీసేస్తారు. నేనూ గీశాను ఒకసారి.

కాలిఫోర్నియాలోని సాలైన్ లోయ మీద ఆస్టర్ 13, 12, 10 బ్యాండ్లను ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా పెట్టి చూపారు: పలుగురాయి ఎక్కువున్న రాళ్లు ఎర్రగా, సున్నపురాళ్లు ఆకుపచ్చగా, నల్లని లావా రాళ్లు ఊదాగా వచ్చాయి. మన దగ్గరా ఇలాంటి మూడు రకాలున్నాయి: గండికోట క్వార్ట్‌జైట్, వేంపల్లె డోలమైట్, తాడిపత్రి షేల్‌లోకి పొరల్లా చొచ్చుకొచ్చిన నల్లరాతి సిల్లులు. కాకపోతే ఆకులు కప్పేస్తే రాతి గుర్తు పోతుంది. నల్లమల అడవి మీద ఆశ పెట్టుకోవద్దు, ఏప్రిల్, మే నెలల చిత్రాలే వెతకండి.

ఆస్టర్ పాడైపోయిందని కొందరంటారు. 2008లో చెడిపోయింది దాని షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ భాగం. థర్మల్ వేరే టెలిస్కోపు, ఆ తర్వాతా చిత్రాలు తీసింది.

వేడే కావాలంటే మాత్రం లాండ్‌శాట్‌దే పైచేయి. జార్ఖండ్‌లోని ఝరియా గనుల బొగ్గు మంటలు నెలనెలా ఎటు పాకాయో చూడాలంటే 16 రోజులకోసారి క్రమం తప్పకుండా వచ్చేదే మేలు. లాండ్‌శాట్ 8 అయితే 10వ బ్యాండే వాడండి, 11వ దాంట్లోకి పక్క వెలుతురు ఎక్కువగా చొరబడింది.

చేతి థర్మల్ కెమెరా సంగతి ఒక్క ముక్కలో: రాత్రి పెరట్లో పట్టి చూస్తే నాపరాయి బండ ఇంకా వెచ్చగా, పక్కన ఎండుమట్టి చల్లగా కనిపిస్తాయి. ఏది వేడి దాచుకుందో చెబుతుంది, అది ఏ రాయో చెప్పదు.

రాయే కావాలంటే ఆస్టర్ 11వ బ్యాండును దానితోనే గుణించి, 10, 12ల లబ్ధంతో భాగించండి. బాగా తెల్లగా వచ్చింది పలుగురాయి ఎక్కువున్న చోటు. అక్కడికి సుత్తి పట్టుకుని వెళ్లి, ఒక పెళ్ల కొట్టి గాజు మీద గీసి చూడండి, పలుగురాయైతే గీత పడుతుంది.