పాత క్రిస్మస్ బొమ్మలు: దాచడమా, ఆడుకోనివ్వడమా, ఫొటో తీసుకోవడమా?

డిసెంబర్ రాగానే గుంటూరులో మేడల మీదికి స్టార్లు ఎక్కుతాయి, అటకల మీంచి పెట్టెలు దిగుతాయి. ఆ పెట్టెల్లో యేసు పుట్టిన పశువుల పాక ప్రతిమలతో పాటు అమ్మానాన్నల చిన్ననాటి బొమ్మలూ ఉంటాయి. లూథరన్ మిషనరీ హేయర్ ఈ ఊరొచ్చింది 1842లో. అయినా తరాలుగా క్రిస్మస్ చేసుకుంటున్న ఇళ్ళల్లో కూడా తాతల నాటి వస్తువు ఒకటో రెండో మిగిలితే గొప్పే. ఉన్నవాటిని మన పిల్లల పిల్లలకు ఎలా అందించాలి?

భద్రంగా దాచమంటారు పెద్దవాళ్ళు. కానీ మన ఎండలకు అటక మీద వేడి మామూలుగా ఉండదు. మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు జిగురుగా తయారవుతాయి. బ్యాటరీలు తీయకుండా పెట్టిన బొమ్మ కారులో అవి కారి లోపలి రేకులను తినేస్తాయి. కలరా ఉండలు వేస్తే కొన్ని రకాల ప్లాస్టిక్ మెత్తబడుతుంది. దాచేట్టయితే బ్యాటరీలు తీసి, నూలు గుడ్డలో చుట్టి, కింద బీరువాలో పెట్టాలి.

కొండపల్లి బొమ్మలకైతే తడే శత్రువు. తెల్ల పొణికి చెక్కతో భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. తడిగుడ్డతో అస్సలు తుడవకూడదు, మెత్తటి పొడి బ్రష్ చాలు. మా ఇంట్లో నాయనమ్మ కొన్న కొండపల్లి ఆవూ దూడా ఉన్నాయి. పాకలో నిలబెడితే ఆవు యోసేపు కంటే ఎత్తు! దాని ఎడమ చెవి నాన్న ఫెవికాల్‌తో అతికించింది, చుట్టూ పసుపు మరక ఇంకా కనిపిస్తుంది. దూడ మెడ మీది ఎర్ర గీత సగం చెరిగిపోయింది. ఎందుకంటే ప్రతి తరం పిల్లలూ పట్టుకున్నది అక్కడే. కొత్తదానిలా మెరిసే బొమ్మ కంటే ఆ చెరిగిన గీతే నాకు ఇష్టం.

అలాగని ఏడాది పొడుగునా ఆడుకోవడానికి ఇచ్చేస్తే వేసవికల్లా విరుగుతాయి. ఇంకో సంగతి, ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందు రంగులేసిన బొమ్మలను, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వకపోవడమే మంచిది.

ఇక ఫొటోలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చినప్పుడు సామానంతా నానిపోయింది. అలాంటప్పుడు వేరే ఊళ్ళో ఉన్న తమ్ముడి ఫోన్‌లోనో, గూగుల్ ఫొటోస్‌లోనో ఉన్న కాపీయే మిగులుతుంది. ఫొటో తీయాల్సిందే. కానీ చెవి ఎవరు విరిచారో ఫొటో చెప్పదు. బొమ్మను నాయనమ్మ చేతిలో పెట్టి, ఫోన్ రికార్డింగ్‌లో ఉంచి అడగాలి. "పాత రోజులు చెప్పు నాయనమ్మా" అంటే రెండు మాటలతో సరిపెడుతుంది. "ఎంతకు కొన్నావు? ఈ చెవి ఎవడు విరిచాడు?" అంటే అరగంట చెప్తుంది.

కాబట్టి నా ఓటు మధ్యే మార్గానికి. డిసెంబర్ మొదట్లో బొమ్మలు తీసి, పాక కట్టే పని పిల్లలకే అప్పజెప్పాలి. కొత్త సంవత్సరం దాకా వాళ్ళ చేతుల్లో తిరగనివ్వాలి, తర్వాత బీరువాలో పెట్టాలి. కథ ఏమీ లేని బొమ్మలను సంతోషంగా ఎవరికైనా ఇచ్చేయొచ్చు. ఇంట్లో ముసలివాళ్ళు ఉంటే మాత్రం ముందు రికార్డింగే. బీరువా సర్దడం జనవరిలో చూసుకోవచ్చు.