నాలుగు స్టార్లు, అయిదోది ఏటా ఫీజు పెంచే ఆ క్లాజు మార్చాక ఇస్తాను

ఈ హోమ్ బ్రోషర్లో ఈతకొలను ఫొటో పేజీ నిండా వేశారు. మనవలు వచ్చినప్పుడు తప్ప అందులో ఎవరూ దిగగా నేను చూడలేదు కాబట్టి దాని సంగతి వదిలేస్తున్నాను. శంకర్‌పల్లి వైపున్న ఈ సీనియర్ హోమ్‌లో మా ఆయనా నేనూ కొన్నేళ్లుగా ఉంటున్నాం. మాది తెనాలి. నేను బ్యాంకు కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను, ఆయన ఇరిగేషన్‌లో ఇంజనీరు. ఇద్దరికీ పింఛన్లున్నాయి. అంచేత నా మాటలు కాస్త నిశ్చింతగా ఉన్నవాళ్ల మాటలనుకుని చదవండి.

ముందు భోజనం, ఎందుకంటే ఇక్కడ గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. మధ్యాహ్నం పప్పు, ఒక కూర, పులుసో చారో, పెరుగు. ఉప్పు తగ్గించి వండిన గిన్నెలకు ఆకుపచ్చ మూతలు పెడతారు, ఎవరినీ అడగనక్కర్లేదు. గోంగూర పప్పు బాగుంటుంది. బెండకాయ వేపుడు మాత్రం ఎప్పుడూ మెత్తబడిపోయి వస్తుంది, వంటాయనకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. టిఫిన్ తొమ్మిదింటికల్లా మూసేస్తారు. గదికి పంపమంటే పళ్లానికి ఇంతని విడిగా వేసేవాళ్లు. జ్వరంతో పడుకున్నవాళ్ల దగ్గర కూడా ఆ డబ్బులు వసూలు చేయడమేమిటని మీటింగులో గట్టిగా అడిగితే, నర్సు చీటీ ఉంటే వద్దులెమ్మన్నారు. అడిగితే మారతారు, ఏమాటకామాట చెప్పాలి. కానీ అడగాలి.

ఆరోగ్యం విషయంలో నాకు బాగా నచ్చింది ఫిజియోథెరపీ. వారానికి మూడు రోజులు ఒక అమ్మాయి వస్తుంది. ఆవిడ పెట్టే పరీక్ష ఒకటుంది, చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. చేతులున్న కుర్చీలో కూర్చోబెడుతుంది. ఎదురుగా మూడు మీటర్ల దూరంలో నేల మీద పసుపు టేపు. 'ఊఁ, లేవండి' అనగానే లేచి, మామూలు నడకతో టేపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోవాలి. ఆవిడ ఫోన్లో టైము చూస్తుంటుంది. 12 సెకన్లు, ఆపైన తీసుకుంటే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. మా ఆయన 15 తీసుకున్నారు. పైగా సెకన్ల కంటే ఆయన లేచే తీరూ, తిరిగే తీరూ చూడండమ్మా అని నాకు చూపించింది. రెండు చేతులూ కుర్చీ మీద గట్టిగా నొక్కితే గానీ పైకి లేవడం లేదు. టేపు దగ్గర ఒక్కసారిగా తిరగలేక చిన్న చిన్న అడుగులు వేస్తున్నారు. రోజూ ఇంట్లో ఇదే మనిషిని చూస్తున్నా నా కంటికి ఆనలేదు. అప్పట్నుంచి చేతులు పెట్టకుండా కుర్చీలోంచి లేవడం, వంటింటి గట్టు పట్టుకుని ఒక పాదం వేళ్లకు రెండో పాదం మడమ ఆనించి నడవడం, ఇవే ఆయన కసరత్తులు. ఇప్పుడు 12 సెకన్లకి అటూ ఇటుగా వస్తోంది. పొద్దున్న ఆరున్నరకి కుర్చీ యోగా కూడా ఉంది గానీ దానికి కబుర్ల కోసమే ఎక్కువమంది వస్తారు. అదీ మంచిదే.

బాత్రూముల్లో కమోడు పక్కన కడ్డీలూ, జారని టైల్సూ ఉన్నాయి. భోజనాల హాలు ర్యాంపుకి మాత్రం ఏటవాలు ఎక్కువగా ఉండేది. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలని మా ఆయన టేపు పట్టుకెళ్లి మరీ కొలిచి, కాగితం మీద గీసి మేనేజర్ బల్ల మీద పెట్టారు. రెండు నెలలు ఆ కాగితాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆనక ర్యాంపు పగలగొట్టి మళ్లీ పోశారు.

వైద్యం గురించి మాత్రం గాలిలో మేడలు కట్టుకోకండి. నర్సు పగలూ రాత్రీ ఉంటుంది, డాక్టరు పొద్దున రెండు గంటలు కూర్చుంటారు, అంబులెన్సు గేటు దగ్గరే ఉంటుంది. అంతే, ఇది ఆసుపత్రి కాదు. సాయంత్రం ట్రాఫిక్‌లో గచ్చిబౌలి చేరాలంటే ముప్పావుగంట పైమాటే. మతిమరుపు బాగా ముదిరితే ఇక్కడ ఉంచుకోరు, ఆ ముక్క అగ్రిమెంటులో వెనక పేజీల్లో ఉంది. ఆఫీసువాళ్లు చేసిన ఒక మంచి పని, 70 నిండిన అందరికీ ఆయుష్మాన్ వయ వందన కార్డులు (కేంద్రం ఇచ్చే ఆరోగ్య బీమా) ఇక్కడే కూర్చోబెట్టి చేయించారు. ఆదాయంతో పనిలేదు, ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉచితం. అయితే అది ఆసుపత్రిలో చేరితేనే. నెలనెలా కొనే బీపీ, షుగరు మాత్రలకు పనికిరాదు, ఆ ఖర్చు మనదే.

మనుషుల సంగతి. బతుకమ్మకి మా ఆంధ్రా వాళ్లం మొదట్లో కుర్చీల్లో కూర్చుని చూసేవాళ్లం. సిద్దిపేట అక్క ఒకావిడ ఊరుకోలేదు. తంగేడు ముందు, దాని మీద గునుగు, మధ్యలో బంతి అంటూ మా చేతులకి పూలిచ్చి పేర్పించింది. కార్తీకంలో వనభోజనాలు మా వంతు, ఉసిరి చెట్టు కింద పులిహోర మేమే కలుపుతాం. ఎదురుగుండా ఉన్న ప్రభుత్వ బడికి రిటైరైన మేష్టార్లు ఇద్దరు లెక్కలు చెప్పడానికి వెళ్తారు. నవంబరు వస్తే నాకు మళ్లీ కౌంటర్ దొరుకుతుంది. పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్లు, అంటే బతికే ఉన్నామని ఏటా ఇచ్చేవి, వరసగా చేసిపెడతాను (80 నిండినవాళ్లవి అక్టోబరు నుంచే చేయొచ్చు). వేలిముద్రలు అరిగిపోయి మిషను తీసుకోదు, జీవితమంతా గిన్నెలు తోమిన చేతులు మరీను. ఇప్పుడు ఫోన్లో మొహం చూపిస్తే సరిపోతోంది. కనురెప్పలు కొట్టమంటుంది, మామ్మగార్లు కళ్లు మూసుకునే కూర్చుంటారు.

అసలు నేను ఈ రివ్యూ రాయడానికి కారణం సహాయ నిధి. ఇది యాజమాన్యానిది కాదు, ఉండేవాళ్ల సంఘానిది. ఇష్టమున్నవాళ్లు నెలకి 200 ఇస్తారు, ఎక్కువైనా ఇవ్వొచ్చు. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలి, ముగ్గురి కమిటీ ఏటా మారుతుంది. ఈ ఏడాది లెక్కలు నా దగ్గరున్నాయి. మీటింగులో ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎందరికి అని మాత్రమే చదువుతాం. పేర్లు చదవం. ఇచ్చినవాళ్లవీ చదవం, అందరిదీ గుప్తదానమే. దీనికి పన్ను మినహాయింపు కోసం చూపే 80జీ రశీదు రాదు, దయచేసి అడగొద్దు.

ఎవరికి అవసరమొస్తుందిలే, ఇక్కడికి వచ్చేవాళ్లంతా ఉన్నవాళ్లేగా అనుకుంటారు. చేరినప్పుడు ఉన్నవాళ్లే. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసినవాళ్ల ఈపీఎస్-95 పింఛను సంగతి తెలుసుగా, నెలకి కనీసం వెయ్యి అని 2014లో పెట్టారు, నేను చూసిన పాస్‌బుక్కుల్లో దాని దగ్గర్లో ఉన్నవే ఎక్కువ. వాళ్లు ఊళ్లో ఇల్లు అమ్మి, ఆ డబ్బు డిపాజిట్ చేసి, వడ్డీతో నెలఫీజు కడుతుంటారు. అగ్రిమెంటు ప్రకారం ఫీజు ఏటా 8 శాతం పెరుగుతుంది. వడ్డీ అలా పెరగదు కదా. తొమ్మిదేళ్లలో ఫీజు రెట్టింపవుతుంది, కాగితం మీద వేసి చూసుకోండి. పెద్దాయన ఒకరు రాత్రి భోజనం మానేశారు, 'అరగడం లేదమ్మా' అనేవారు. మెస్ బిల్లు తగ్గించుకోవడానికని వంటమ్మాయి కనిపెట్టి నాకు చెప్పింది. మనిషి అభిమానస్తుడు, డబ్బులిస్తే తీసుకోడు. కమిటీ చేసిన పని ఏమిటంటే, లైబ్రరీ తాళాలు ఆయన చేతిలో పెట్టి, లైబ్రరీ చూసేవారికి రెండు పూటలా భోజనం సంఘం ఖాతాలో అని తీర్మానం రాసింది. ఆ తీర్మానం వచ్చే ఏడు వేరేవాళ్లకీ వర్తిస్తుంది, అందులో ఆయన పేరు లేదు. ఆయాలూ, తోటమాలీ వాళ్ల పిల్లల ఫీజులకు కూడా ఇదే నిధి. అది మాత్రం అప్పుగా ఇస్తాం, వడ్డీ లేదు.

ఇంత చేసినా ఆ 8 శాతం క్లాజు అలాగే ఉంది. ఉండేవాళ్ల జేబుల్లోంచి తీసి ఉండేవాళ్లకే ఇచ్చి చివరికి యాజమాన్యానికి కడుతున్నాం, బ్యాంకులో అయితే దీన్ని ఆడిట్‌లో పట్టుకునేవాళ్లు. పెంపు ఖర్చులను బట్టి ఉండాలి, లెక్క చూపించాలి అని అడిగాం. 'పరిశీలిస్తాం' అన్నారు. అక్కడ పోయింది అయిదో స్టారు.

చేరాలనుకునేవాళ్లు ఆదివారం రాకండి. ఆదివారం పెసరట్టు, ఉప్మా, మంచి టేబుల్‌క్లాత్‌లు. మామూలు రోజున వచ్చి కూపన్ కొనుక్కుని మధ్యాహ్నం భోంచేయండి. అగ్రిమెంటు నకలు ఇంటికి పట్టుకెళ్తామని అడగండి, ఇస్తారు. పెంపు, డిపాజిట్ వాపసు గడువు, ఇద్దరిలో ఒకరు పోతే ఫీజు ఎంత అవుతుంది, ఈ మూడూ చదవండి. వారం రోజులు ఉండి చూసే గెస్టు గదులున్నాయి. వీలైతే జులైలో రండి, వానపడితే బీ బ్లాకు ముందు మడమ లోతు నీళ్లు నిలుస్తాయి, దాని గురించి బ్రోషర్లో లేదు.