మణికట్టు నరం ఆపరేషన్: మూడేళ్ల తర్వాత

ఆపరేషన్ అయి మూడేళ్లు. వాచీ ఇప్పటికీ కుడిచేతికే పెట్టుకుంటాను. నొప్పి మొత్తం పోతుందా అని అడిగేవాళ్లకు ఇందులోనే సగం జవాబు ఉంది.

మాది పర్లాకిమిడి, కొమ్ముతో వస్తువులు చేసే పని. గేదె కొమ్ము కోస్తుంటే రంపం జారి ఎడమ మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు తెగింది. చర్మం కుట్టి పంపేశారు, లోపలి నరం సంగతి ఎవరూ చూడలేదు. గాయం మానాక మొదలైంది అసలు గొడవ. చొక్కా అంచు తగిలినా, బస్సు కిటికీ గాలి తగిలినా జివ్వున కరెంటు కొట్టినట్టుండేది. నరాల నొప్పికిచ్చే ప్రీగాబాలిన్ మాత్రలు రెండేళ్లు మింగాను. నొప్పి కాస్త తగ్గేది గానీ పగలంతా మగత. రంపం పట్టుకుని కునికితే రెండో చెయ్యి కూడా పోదూ!

గుణుపురం రైలెక్కి విశాఖ వెళ్లాను. అక్కడి డాక్టరు మచ్చ మీద వేలితో టకటక కొట్టగానే బొటనవేలి వెనకదాకా మంట పాకింది. తెగిన నరం కొస దారి దొరక్క ముడిలా పెరిగి మచ్చలో ఇరుక్కుందట. న్యూరోమా అంటారు. ముందు అక్కడ మత్తు సూది వేసి కూర్చోబెట్టారు. కాసేపటికి చొక్కా చేతిని మచ్చ మీద అటూ ఇటూ రుద్ది చూసుకున్నాను, పిచ్చివాడిలా. ఏమీ లేదు! సూదికి తగ్గని నొప్పి కత్తికీ తగ్గకపోవచ్చన్నారు. నన్నడిగితే, ఈ పరీక్ష చెయ్యకుండా ఆపరేషన్ అంటే ఒప్పుకోకండి.

ముడిని కోసేసి, నరం కొసను ముంజేతి కండలోకి దించారు. మచ్చకీ చర్మానికీ దూరంగా, మెత్తటి చోట. అది స్పర్శ నరమే కాబట్టి చేతి పట్టు తగ్గలేదు. నరం తెగకుండా మచ్చకు అతుక్కుని మాత్రమే ఉంటే, కోయకుండా విడదీస్తారట. నాకా అదృష్టం లేదు.

మూడో వారంలో కొత్త మంట. రాత్రిళ్లు నిద్ర లేదు. "ఉన్న నొప్పి చాలక డబ్బిచ్చి ఇంకోటి కొనుక్కొచ్చావురా" అంది అమ్మ. రెండు నెలలు నేనూ అదే అనుకున్నాను. తర్వాత మెల్లగా దిగింది. ఎనిమిదో నెలకి, డాక్టరు చెప్పినట్టే కొంచెం కొంచెంగా తగ్గించి మాత్రలు మానేశాను.

ఇప్పుడు వారానికి ఒకటి రెండుసార్లు, చలికాలం పొద్దున్నే ఇంకాస్త ఎక్కువగా, జివ్వుమంటుంది. బొటనవేలి వెనక మాత్రం మొద్దుబారే ఉంది. ఆకురాయి గీసుకున్నా రక్తం కనబడ్డాకే తెలుస్తుంది. పనికి కూర్చునే ముందు ఆ వేలికి గుడ్డ చుట్టుకుంటాను.