వెస్ట్ పాకెట్ ఆటోగ్రాఫిక్ కొడాక్: సైనికుల ఫొటోలను పరిశీలించేవారి కోసం

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు తీసుకున్న ఫొటోల ఆధారంగా మెసొపొటేమియా (నేటి ఇరాక్) బజార్లనూ నదీజీవనాన్నీ అధ్యయనం చేసేవారు ఈ కెమెరాను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి. 1912లో వచ్చిన వెస్ట్ పాకెట్ (అంటే కోటు లోపల వేసుకునే చేతుల్లేని పైతొడుగు జేబు) కొడాక్, మడిస్తే జేబులో పట్టేది కావడంతో, ‘సైనికుడి కొడాక్’గా ప్రకటనలకెక్కింది. పాత వస్తువుల దుకాణంలో నేను కొన్నది 1915లో మొదలైన ఆటోగ్రాఫిక్ రకం.

దీని అసలు విలువ వెనకవైపున్న చిన్న తలుపులో ఉంది. ఫొటో తీశాక ఆ తలుపు తెరిచి, ఫిల్ము వెనక కాగితంపై లోహపు పుల్లతో ఊరి పేరు, తేదీ రాసి, కొన్ని క్షణాలు వెలుగు తగలనిస్తే, ఆ రాత రెండు ఫ్రేముల మధ్య నెగటివ్ మీదే నిలిచిపోతుంది. ‘అమారా (టైగ్రిస్ ఒడ్డున ఉన్న ఊరు), 1917’ అని అక్కడికక్కడే రాసిన నెగటివ్‌ను, ఇంటికి చేరాక జ్ఞాపకం మీద ఆల్బంలో రాసిన వ్యాఖ్య కంటే నేను ఎంతో ఎక్కువగా నమ్ముతాను. ప్రింటు వేసేటప్పుడు ఆ అంచును వదిలేస్తే రాత పోతుంది కనుక, నెగటివ్ దొరికితే ముందుగా దాన్నే చూడాలి. ఆ ప్రత్యేకమైన రీళ్ల తయారీ ఏనాడో ఆగిపోయింది. ఈ కెమెరాలో పట్టే 127 సైజు మామూలు రీలును సైతం కొడాక్ 1995లో ఆపేసింది.

షట్టరుకు ఉన్న నిర్ణీత వేగాలు సెకనులో 25వ వంతు, 50వ వంతు మాత్రమే. అంత కొద్ది సమయంలో ఫిల్ముకు చాలినంత వెలుగు ఎండలోనే అందుతుంది. అందువల్ల ఎండ పడిన వీధులూ, మన పుట్టిని తలపించే, తారు పూసిన గుండ్రని గుఫ్ఫాలు బారులు తీరిన టైగ్రిస్ ఒడ్డూ చక్కగా వస్తాయి. కాఫీ దుకాణపు చీకటి మూల, పని చేస్తున్న కంసాలి వేళ్లు రావు. ఆల్బముల్లో ఇళ్ల లోపలి జీవితం కనిపించకపోవడానికి సైనికుడి నిరాసక్తతే కారణమని తేల్చేముందు ఈ పరిమితిని లెక్కలోకి తీసుకోవాలి. అయితే నెపమంతా యంత్రం మీదికే నెట్టలేం: ఆక్రమించుకున్న సైన్యపు మనిషికి ఏ ఇల్లాలు తలుపు తీస్తుంది? మద్రాసు సాపర్లతో (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం) సహా ఎందరో భారతీయ సైనికులు అక్కడ పనిచేసినా, కెమెరా ఎక్కువగా బ్రిటిష్ అధికారుల చేతుల్లోనే ఉండేదన్నది కూడా మరువరాదు.

వ్యూఫైండర్ మరీ చిన్నది, అందులో దృశ్యం సరిగా కుదుర్చుకోవడం కష్టం. ఫొటోల్లో మనుషులు అంచుల దగ్గర తెగిపోవడం చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. కొనదలచినవారు చీకటి గదిలో తోలుతిత్తి (లెన్సు వెనక ముడుచుకునే మడతల భాగం) లోపల టార్చి వేసి చిల్లులున్నాయేమో చూసుకోవాలి. రాసే పుల్ల ఊడిపోకుండా ఉంటేనే తీసుకోవాలి.