ఈ-ప్రొక్యూర్‌మెంట్: టెండరుతో మొదలుపెట్టాలా, ఆర్డరుతోనా?

కొనుగోళ్లను ఆన్‌లైన్‌లోకి మార్చాలనుకునే నిర్మాణ సంస్థకు రెండు దారులున్నాయి. ముందు టెండర్లను మార్చవచ్చు: ప్రకటన, బిడ్ల స్వీకరణ, కావాలంటే రివర్స్ వేలం, అంటే బిడ్డర్లు పోటీపడి రేటు తగ్గించుకుంటూ పోయే వేలం. లేదా రోజువారీ కొనుగోళ్లతో మొదలుపెట్టవచ్చు: సైటు నుంచి ఇండెంటు (ఫలానా సరుకు కావాలనే చీటీ), ఆర్డరు, సరుకు అందినట్టు రసీదు, బిల్లు. ధర తగ్గిందని వెంటనే చూపించుకోవచ్చు కాబట్టి యాజమాన్యాలకు మొదటిదే నచ్చుతుంది. నా ఓటు రెండోదానికి.

టెండరు దారికి బలం లేదనను. దక్షిణ కొరియా 2002లోనే ప్రభుత్వ కొనుగోళ్లన్నింటికీ ఒకే పోర్టల్ తెచ్చింది. యూరోపియన్ యూనియన్ ప్రభుత్వ టెండర్లలో బిడ్లను ఆన్‌లైన్‌లోకి మార్చడానికి 2018 అక్టోబరు 18ని గడువుగా పెట్టింది. కానీ అక్కడ వెనుక చట్టం ఉంది. ప్రైవేటు నిర్మాణ సంస్థకు ఆ పట్టు ఎక్కడిది? నలుగురు పనివాళ్లతో ప్లాస్టరింగ్ చేసే చిన్న సబ్‌కాంట్రాక్టరు ఒక్కో పెద్ద సంస్థకు ఒక్కో పోర్టల్‌లో నమోదు కావాలి, డిజిటల్ సంతకం తీసుకోవాలి, పత్రాలన్నీ మళ్లీ అప్‌లోడ్ చేయాలి. పని వస్తుందన్న హామీ లేదు. అతను ఆ ఖర్చును రేటులో కలుపుతాడు, లేదా బిడ్డే వేయడు. పైగా సీలు వేసిన కవరును తన కళ్లముందు విప్పితే కలిగే నమ్మకం తెరమీద కలగదు. గడువుకు ముందు తన ధర ఎవరూ చూడలేదని అతనికి ఎవరో ఒకరు చూపించాలి.

ఇక రివర్స్ వేలం. డిజైన్ వంటి మేధో పనులకు ఎలక్ట్రానిక్ వేలం కూడదని యూరోపియన్ యూనియన్ 2014 ఆదేశమే చెబుతోంది. డ్రాయింగులు పూర్తికాని పనికి కూడా ఇది పనికిరాదు. వేలంలో కోసుకున్న రేటును కాంట్రాక్టరు తర్వాత అదనపు పనుల బిల్లుల్లో రాబట్టుకోవాలని చూస్తాడు.

ఆర్డరు దారిలోనూ అడ్డంకులున్నాయి, అయితే అవి చేతికి అందేవి. 12 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీనే తీసుకోండి. ఆఫీసు టన్నుల్లో ఆర్డరు పెడుతుంది. వేబ్రిడ్జి కిలోల్లో చూపిస్తుంది. స్టోర్ కీపర్ కడ్డీలు లెక్కపెట్టి రాసుకుంటాడు. మీటరుకు 0.888 కిలోల చొప్పున 12 మీటర్ల కడ్డీ సుమారు 10.66 కిలోలు, అంటే టన్నుకు దాదాపు 94 కడ్డీలు. ఈ మార్పిడి తెలియని సాఫ్ట్‌వేరు ఆర్డరుకూ రసీదుకూ పొంతన లేదని బిల్లును ఆపేస్తుంది. మరో సైటులో అదే కడ్డీని ‘టి12’ అని రాస్తే అది వేరే సరుకైపోతుంది. కాగితం మీద గుమాస్తా అర్థం చేసుకుని సర్దేవాడు, కంప్యూటరు సర్దదు. డబ్బు ఆగిన సరఫరాదారు మరుసటిసారి ‘ఫోన్‌లోనే చెప్పండి’ అంటాడు. ఈ-ప్రొక్యూర్‌మెంట్ చాలాచోట్ల మూలపడేది ఇక్కడే అని నా నమ్మకం.

ఈ చిక్కు విప్పితే మాత్రం సరఫరాదారే వెంటపడి వస్తాడు. సరుకు దించిన రోజే రసీదు నమోదైతే బిల్లు ఎప్పుడు పాసవుతుందో అతనికి తెలుస్తుంది. ఈ వ్యాపారంలో చిన్నవాళ్లను కుంగదీసేది ఆలస్యంగా వచ్చే డబ్బే కదా. సైటులో సిగ్నల్ లేకపోవడం చిన్న సమస్య. ఫోనులో నమోదు చేసి, సిగ్నల్ దొరికాక పంపే ఏర్పాటు చాలు.

కాగితాన్నీ ఆన్‌లైన్‌నూ కలిపి నడుపుదామనే మూడో ఆలోచన రెంటికీ చెడ్డ రేవడి. పని రెట్టింపవుతుంది, సిబ్బంది కాగితాన్నే అసలుదిగా చూస్తారు.

చట్టం టెండరునే ఆన్‌లైన్‌లో అడిగే పనుల్లో ఎంచుకునేదేమీ లేదు. మిగతావాళ్లు సాఫ్ట్‌వేరు కొనేముందు స్టోర్ కీపర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కువగా కొనే 10 సరుకులకు పేరు, కొలమానం, మార్పిడి లెక్క, తూకంలో ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో రాయించుకోండి.