ఎన్‌బీఏ 2కే23: ఆస్కార్‌ని, కర్రీని ఒకే కోర్టులో దింపితే

బాస్కెట్‌బాల్‌లో బంతిని నడిపించే గార్డుల్లో ఎవరు గొప్ప అన్న వాదన అమెరికాలోనే తెగలేదు, అనంతపురంలో ఏం తెగుతుంది? మా మేనల్లుడు మాత్రం "ఆడి తేల్చుకుందాం పద మామా" అని సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక గేమింగ్ సెంటర్‌కి లాక్కెళ్లాడు. గంటకి 80 రూపాయలు. అక్కడ అందరూ ఫుట్‌బాల్, క్రికెట్ ఆడేవాళ్లే. బాస్కెట్‌బాల్ అడిగేసరికి ఓనరు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ టీములతో ఆడే ఈ 2కే23 వీడియో గేమ్‌ని వెతికి మరీ పెట్టాడు.

గేమ్‌లో పాత టీములూ ఉంటాయి. వాడు కర్రీ ఉన్న 2015-16 వారియర్స్‌ని తీసుకున్నాడు. నేను ఆస్కార్ ఉన్న 1970-71 బక్స్‌ని. "ఆస్కార్ రాబర్ట్‌సన్ ఎవరు మామా?" అన్నాడు. కాలేజీ టీముకి పాయింట్ గార్డ్‌గా ఆడినవాణ్ని, నాకు మండదా? 1961-62 సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), 11.4 అసిస్టులు (బాస్కెట్ పడేలా అందించిన పాసులు). ఇలా మూడింట్లోనూ రెండంకెలు దాటితే ట్రిపుల్ డబుల్. సీజన్ మొత్తం ట్రిపుల్ డబుల్ సగటు మళ్లీ 2016-17లో వెస్ట్‌బ్రూక్ వచ్చేదాకా ఎవరి వల్లా కాలేదు. స్టీల్స్ (అవతలివాడి దగ్గర బంతి లాక్కోవడం) ఎన్ని అంటే చెప్పలేం, 1973-74 దాకా లీగ్ వాటిని లెక్కే రాయలేదు.

ఆట మొదలైంది. ఆస్కార్ వీపు పెట్టి డిఫెండర్‌ని నెట్టుకుంటూ రింగ్ దాకా పోయి వేస్తే రెండు. అవతల కర్రీ త్రీ పాయింట్ గీత బయట ఎక్కడో నిలబడి విసిరితే మూడు పాయింట్లు. ఆ సీజన్‌లో ఏకంగా 402 త్రీలు కొట్టినవాడు మరి. చిత్తుగా ఓడిపోయాను. త్రీ పాయింట్ గీత ఎన్‌బీఏకి వచ్చిందే 1979-80లో, అప్పటికే ఆస్కార్ రిటైరయ్యాడు. గీతే చూడని మనిషిని ఇలా ఆడించి తక్కువోడని తేల్చడం ఏం న్యాయమప్పా?

అందుకే ఈ గేమ్‌లో నాకు నచ్చింది 'ఎరాస్' అనే మోడ్. 1983, 1991, 2002, ఈ కాలం, ఏదో ఒకటి ఎంచుకుని అక్కణ్నుంచి లీగ్ నడపొచ్చు. ఏ కాలానికి ఆ కాలం రూల్సు. టీవీ బొమ్మ కూడా అప్పటిలాగే ఉంటుంది. 1983లో లేకర్స్ టీము మ్యాజిక్ జాన్సన్‌ని పట్టుకున్నాను. ఆరడుగుల తొమ్మిదంగుళాల పాయింట్ గార్డ్! కంట్రోలర్‌లో ఆర్1 నొక్కితే మన టీములో ఒక్కో ఆటగాడి మీదా ఒక్కో బటన్ గుర్తు వస్తుంది. పరుగెత్తుతున్న మా టీము వర్తీ గుర్తు నొక్కానో లేదో, బంతి డిఫెండర్ల నెత్తి మీదుగా వాడి చేతిలో పడింది. మేనల్లుడు నోరెళ్లబెట్టాడు. 2002లో అయితే నేను గార్డు ఐవర్సన్‌నే అడుగుతాను. హ్యాండ్ చెకింగ్‌ని, అంటే బంతి ఉన్నవాణ్ని చెయ్యేసి ఆపడాన్ని, లీగ్ గట్టిగా కట్టడి చేసింది 2004-05లో. నడుం మీద చెయ్యేసి ఆపే రోజుల్లోనే ఈ ఆరడుగుల మనిషి 2001లో ఎంవీపీ (సీజన్‌లో ఉత్తమ ఆటగాడు) అయ్యాడు.

మరో పాయింట్ గార్డ్ స్టాక్‌టన్‌ని పిల్లలెవరూ తీసుకోరు, ఎగిరి బంతిని రింగ్‌లోకి కుక్కే డంకులు కొట్టడని. కెరీర్‌లో 15,806 అసిస్టులు, 3,265 స్టీల్స్, రెండు రికార్డులూ ఆయనవే. వీళ్ల ఖర్మ.

గేమ్‌కి నా మార్కులు పదికి ఎనిమిది, సెంటర్‌కి ఐదే. మా 1983 సీజన్ సేవ్‌ని ఎవరో చెరిపేశారు. ఓనరుకి చెబితే "ఈసారి మీ పేరుతో సేవ్ చేసుకోండి సార్" అని చేతులు దులుపుకున్నాడు. ఒక కంట్రోలర్‌లో కుడి స్టిక్ వదులైపోయింది, దాంతో డ్రిబుల్ చేస్తే బంతి మన మాట వినదు. కూర్చునే ముందే మార్పించుకోండి. సాయంత్రమైతే ఫుట్‌బాల్ పిల్లలు లేవరు, పొద్దున పదకొండు లోపు వెళ్తే పెద్ద టీవీ దొరుకుతుంది.