హన్మకొండల అంత్యక్రియల సర్వీసు – మా ఫ్రీజర్ అన్న యాదిల

ఐదుకు ఐదు స్టార్లు. ఈ రివ్యూ నేను ఈ సర్వీసు నడిపిన ఫ్రీజర్ అన్న ఉండంగనే రాయాల్సింది, రాస్తె ఆయన బిడ్డ చదివి వినిపించేది. పోయిన నెల అన్న పోయిండు, గుండెపోటు. దుకాణం మాత్రం బంద్ కాలే, వదిన, పెద్ద బిడ్డ కలిసి నడుపుతున్నరు, అందుకే ఇప్పుడన్న రాస్తున్న, ఎవలకన్న అక్కెరకొస్తది.

మా బాపు 2023 జనవరిల పోయిండు. రాత్రి పదకొండు దాటింది, నేను హైదరాబాద్‌ల, తమ్ముడు దుబాయ్‌ల, ఆస్పత్రి కాడ అమ్మ ఒక్కతే. అక్కడ ఒక బండాయన అమ్మ ఏడుపు చూసి గూడ పది కిలోమీటర్లు లేని దూరానికి ఆరు వేలు అడిగిండు, పైసలు చేతుల పెడితెనే ఎక్కిస్త అన్నడట. పక్కింటి కాక అన్నకు ఫోన్ కొట్టిండు. రెండో రింగుకే ఎత్తిండు, అరగంటల బండి వేసుకొని వచ్చిండు. పైసల ముచ్చట తీయలే, అమ్మ పక్కన కూసొని "అవ్వా, పెద్దాయనను ఇంటికి తీస్కపోదాం పా" అన్నడట. అప్పట్నుంచి ఆఖరు దాకా మా బాపును బాడీ అని ఒక్కసారి గూడ అనలే. "పెద్దాయన తలకాయ జర పైలం", "పెద్దాయనకు ఇటు జాగ జేయుండ్రి" – ఇట్లనే మాట్లాడిండు, బాపు ఇంకా వింటున్నట్టే.

తమ్ముడు వచ్చేదాకా ఆపాలె కాబట్టి ఒకటిన్నర రోజు ఫ్రీజర్ పెట్టె పెట్టినం. మా ఇంట్ల పాత వైరింగు. పెట్టెకు 15 ఆంప్స్ ప్లగ్గు కావాలె, హాల్ల లేదు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద పెడితె వేడెక్కి ఆగుతదని వంటింట్ల పెద్ద ప్లగ్గుకు టెస్టర్ పెట్టి చూసి, అండ్లకెల్లి తన సొంత వైరు గుంజిండు, ఎవలకూ కాళ్లల్ల తాకకుండ గోడ పొంటి టేపు ఏసిండు. నేను పొద్దుగాల ఆరింటికి ఇంట్లకు వచ్చేసరికి అద్దం మీద పట్టిన చెమ్మను మెత్తటి బట్టతోని తుడుస్తున్నడు. గంటకోసారి వచ్చి తుడిచిండు. ఎందుకన్నా అంత కష్టం అంటె "అవ్వకు మొఖం కనపడాలె గద తమ్మీ" అన్నడు. అమ్మ ఇయ్యాల్టికి ఆ మాట చెప్పుకుంటది.

ఆ రాత్రి తొమ్మిదింటికి గేటు బయటికి పోయి ఇంటికి ఫోన్ చేసిండు, నేను అక్కడ్నే నిలబడ్డ కాబట్టి విన్న. "తిన్నవా బిడ్డా? చెల్లె తిన్నదా? అమ్మకు బీపీ గోలి ఇచ్చినవా? గొళ్లెం పెట్టుకోండ్రి, నేను ఒక పెద్దాయన కాడ ఉన్న." రోజూ గదే టైముకు, ఎక్కడున్నా చేస్తడట. తర్వాత వాళ్లింటికి రాకపోకలు పెరిగినంక తెలిసింది, ఎంత రాత్రయినా బయట నల్లా కాడ తానం చేసి బట్టలు మార్చుకున్నంకనే లోపలికి పోయేటోడు, పిల్లలు పండుకుంటె దుప్పటి సదిరి అప్పుడు బువ్వ తినేటోడు. 2021 మే నెలల కరోనా మస్తుగున్నప్పుడు, సొంతోళ్లే దగ్గరికి రాని శవాలను ఎంజీఎం దవాఖాన మార్చురీ కాడికెల్లి తీసుకపోయి కాల్చిండు, అన్ని రోజులు దుకాణంలనే పండుకున్నడు. వదిన టిఫిన్ డబ్బ మెట్టు మీద పెట్టి రోడ్డు అవతలికి పోయేది, చిన్న బిడ్డ అక్కడ్నుంచే నోట్‌బుక్ ఎత్తి పట్టి ఇయ్యాల హోంవర్క్ చేసిన నాయినా అని చూపించేది. ఇది వదిన చెప్తుంటె నాకు నీళ్లు ఆగలే.

పాడె కట్టుడు ఇప్పటి పోరగాళ్లకు రాదు, మాకూ రాలే. ఎదురు బొంగులు, గడ్డి, తాళ్లు, కొత్త బట్ట, కుండ, గులాల్, పేలాలు, చిల్లర, అన్నీ ఆయనే తెచ్చిండు, నాలుగు క్వింటాళ్ల కట్టెలు గూడ ముందే దింపిచ్చిండు. ఖర్చు మొత్తం కాయితం మీద రాసిచ్చిండు, దానికంటె రూపాయి ఎక్కువ తీసుకోలే. దింపుడు కల్లం కాడ పాడె దించినప్పుడు డప్పులోళ్లను చేత్తోని ఆగుమన్నడు. పానం ఏమన్న మిగిలుంటదేమో అని చెవుల పిలిచి చూసే జాగ అది, తమ్మునికి తెల్వదు, అన్ననే వాని వీపు మీద చెయ్యి ఏసి మెల్లగ చెప్పిండు. తమ్ముడు మూడుసార్లు బాపూ అని పిలిచిండు. మూడోసారికి గొంతు రాలే, అన్న చెయ్యి తియ్యలే.

చిన్నకర్మ నాడు గూడ వచ్చిండు, పైసలకు కాదు, కాయితాల గురించి చెప్పనీకి. చావు 21 రోజులల్ల రిజిస్టర్ చేయించాలె, దాటితె లేట్ ఫీజు, తిరుగుడు, ఆధార్‌ల పేరు ఎట్లుందో గట్లనే రాయించుండ్రి అని. రైతు పోతె ఇంటోళ్లకు సర్కారు ఇప్పిచ్చే రైతుబీమా గురించి అడిగిండు, మా బాపుకు 59 దాటినయి కాబట్టి రాలే. కానీ మా గల్లీల ఇంకో ఇంట్ల 52 ఏండ్ల ఆయన పోతె, వాళ్లకు ఆ బీమా ఉన్నదనే తెల్వదు, అన్ననే కాయితాలు జమ చేపించి ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) సారు కాడికి తోలుకపోయిండు. 5 లక్షలు వచ్చినయి, పిల్ల చదువు ఆగలే. కాళేశ్వరం పోయేటప్పుడు గూడ అన్నీ చెప్పి పంపిండు, పరకాల, భూపాలపల్లి, కాటారం మీదికెల్లి పోండ్రి, అస్థికలు గోదావరి ప్రాణహిత కలిసే కాడ కలపండ్రి, ఒక్క పానవట్టం మీదనే యముడు, శివుడు రెండు లింగాలుంటయి, ఇద్దరికీ మొక్కి రండ్రి అని.

ఒక్క కంప్లైంట్ ఉంది, వైకుంఠ రథానికి మెట్టు బాగ ఎత్తు, మా అమ్మ ఎక్కలేక ఇబ్బంది పడ్డది. మొన్న బిడ్డకు చెప్పిన, చిన్న మెట్టు వెల్డింగ్ చేపిస్త అన్నది.

అన్న పోయిన రోజు పోయిన. అదే పెట్టె, అండ్ల అన్న. బిడ్డ పక్కన కూసొని బట్టతోని అద్దం తుడుస్తున్నది, గంటకోసారి కాదు, ఆపకుండ. కొడుకుల్లేరు, నిప్పుకుండ ఆమెనే పట్టింది, దింపుడు కల్లం కాడ ఆమెనే వంగి నాయినా అని మూడుసార్లు పిలిచింది. డప్పులోళ్లు ఎవలూ చెప్పకుండనే ఆపిన్రు. ఎన్ని పాడెలకు అన్న ఎంబడి నడిచిన్రో వాళ్లు.

రాత్రిపూట గూడ ఫోన్ ఎత్తుతున్నరు, ఇప్పుడు బిడ్డ మాట్లాడుతది. పెట్టె కావాలంటె ముందుగాల మీ ఇంట్ల పెద్ద ప్లగ్గు ఏడుందో అడుగుతది, చూసి చెప్పుండ్రి.